ల్యాప్‌టాపునకు ఎన్ని తాళములు?

ఏలూరు కాలువమీద పడవలు నడిచిన దినములను ఎరిగిన పెద్దలకు లాకు అనగా నేమో నేను చెప్పనక్కరలేదు. విజ్జేశ్వరమువద్ద బయలుదేరిన పడవ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరవలెనన్న దారిలో లాకు తరువాత లాకు దాటవలసియుండెడిది. ఒక లాకు తలుపు తెరచినంతమాత్రమున ముందరి లాకు తెరచుకొనదు. ప్రతి లాకునకును దాని నీటిమట్టము వేరు, దాని కావలివాడు వేరు. మొదటి లాకు దాటితిమి గదా, ఇక ఏలూరు చేరినట్లేయని అనుకొన్న సరంగు ఒక్కడును లేడు.

ఇప్పుడు మన యిండ్లలోనికి ల్యాప్‌టాపు అను మడత కంప్యూటరు వచ్చి కూర్చున్నది. కొన్ని నూజివీడు ట్రిపుల్ ఐటీవంటి చోట చదువుకొన్న పిల్లలవెంట వచ్చినవి. కొన్ని అమెరికాలోని కొడుకులు, కూతుళ్లు తాము క్రొత్తది కొనుక్కొని పాతది పంపగా వచ్చినవి. కొన్ని చేపల చెరువుల లెక్కలకై ఆసాములే ఏలూరిలోనో భీమవరములోనో కొన్నవి. దీనిని గూర్చి ఊరి పెద్దలు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "మాస్టారండీ, పాస్‌వర్డు మర్చిపోయామండి, ఏం చెయ్యమంటారు?" నేను "ఏ పాస్‌వర్డు?" అని ఎదురు ప్రశ్న వేయుదును. దానికి సమాధానము చెప్పువారు అరుదు. ల్యాప్‌టాపునకు పాస్‌వర్డు ఒక్కటే యని అందరి నమ్మకము. నిజమునకు దానియందు కాలువమీది లాకులవలె ఒకదానివెనుక నొకటిగా పెక్కు తాళములున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క వస్తువును కాచును. చెవి పోయినయెడల మరల నియ్యగలవాడును ఒక్కొక్కదానికి ఒక్కొక్కడు. ఒకదానికి మాత్రము ఇయ్యగలవాడే లేడు. ఈ భేదమును తెలిసికొననందున మన జిల్లాలో ఒక కుటుంబమునకు కలిగిన నష్టమును ముందు చెప్పెదను.

మొదట మాటను గూర్చి రెండు మాటలు. పాస్‌వర్డు అనునది సేనాశిబిరముల మాట. రాత్రివేళ కావలివాడు ఎవరది యని కేకవేయును. ఆనాటికి నిర్ణయించిన పదమును చెప్పినవానిని లోనికి పోనిచ్చును. తెలుగున సంకేతపదమనవచ్చును. కావ్యములు చదివినవారికి సంకేతమనగానే వేరొక స్థలము స్ఫురించునేమో; స్ఫురించుగాక. ఇద్దరికి మాత్రమే తెలిసినది యను అర్థము అక్కడను ఇక్కడను ఒక్కటే.

ఆనవాలు ఎన్ని విధములో సుందరకాండ చదివినవారికి వేరుగా చెప్పవలసిన పనిలేదు. అశోకవనమున సీతాదేవి హనుమంతుని చూచినతోడనే నమ్మలేదు. రావణుడే మారురూపమున వచ్చెనేమోయని శంకించెను. రాముని చిహ్నములెట్టివో చెప్పుమనెను. అతడు రామలక్ష్మణుల దేహలక్షణములను వర్ణించెను, పిమ్మట అంగుళీయకము నిచ్చెను. అతడు తిరిగి పోవునపుడు రామునకు నమ్మకము కలుగుటకై ఆమె తమ యిద్దరికే తెలిసిన కాకాసుర వృత్తాంతమును చెప్పి, చూడామణి నిచ్చి పంపెను. దేహలక్షణము, చేతనున్న వస్తువు, మనసులోని రహస్యము: ఆనవాళ్లు ఈ మూడు తెగలే. నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఈ మూడే. వేలిముద్రయు ముఖమును మొదటి తెగ. సెల్‌ఫోనునకు వచ్చు ఓటీపీ అను క్షణికమైన అంకె, ఆ ఫోను మీ చేతనున్నదని చూపును గనుక రెండవ తెగ. పాస్‌వర్డు మూడవ తెగ. ఒక్క ఆనవాలుకంటె రెండు ఆనవాళ్లు మేలు. ఇంటర్నెట్టులో కార్డుతో సొమ్ము చెల్లించువారిని కార్డుమీది అంకెలు గాక మరియొక రహస్యమునుకూడ అడుగవలసినదని మన రిజర్వు బ్యాంకు 2009వ సంవత్సరము ఆగస్టునుండి నియమము పెట్టుటకు కారణ మిదియే.

కంప్యూటరునకు పాస్‌వర్డు పెట్టుట 1961 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఆరంభమైనది. ఒకే పెద్ద యంత్రమును పెక్కుమంది పంచుకొని వాడుకొనుచుండగా, ఒకరి కాగితములు ఒకరు చూడకుండ ఫెర్నాండో కోర్బటో అను ఆచార్యుడును ఆయన అనుచరులును ఈ యేర్పాటు చేసిరి. మరుసటి యేడే అలన్ షెర్ అను విద్యార్థి, తనకు కేటాయించిన కాలము చాలక, అందరి పాస్‌వర్డులుగల పట్టికను ఆ యంత్రముచేతనే కాగితముమీద అచ్చు వేయించుకొనెను! ఈ సంగతిని ఆయనయే చాల ఏండ్లకు బయటపెట్టెను. తాళముచెవులన్నియు ఒకే మేకునకు తగిలించిన యింట జరుగునదే అక్కడను జరిగినది.

అందుపై పండితులు ఒక ఉపాయము కనిపెట్టిరి. పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్లు దాచక, దానిని విసరి పిండిచేసి ఆ పిండిని మాత్రమే దాచుట. అవే బియ్యము విసరిన అదే పిండి వచ్చును. పిండినుండి బియ్యము మరల రావు. మీరు పాస్‌వర్డు కొట్టినపుడు యంత్రము దానిని అప్పటికప్పుడు విసరి, దాచిన పిండితో సరిపోల్చి చూచి తలుపు తీయును. 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనువారు, ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకొన్నను పిండి ఒక్కతీరుగ నుండకుండుటకై ప్రతివాని పిండిలో వేరువేరుగా కొంత కలుపు పద్ధతిని వివరించిరి. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు. శాస్త్రగ్రంథములలో నేటికిని ఆ పేరే చెల్లుచున్నది. పెద్దలారా, ఇందువలన మీరు గ్రహింపవలసినది ఒకటి కలదు. సక్రమముగా నడుచు బ్యాంకులో మీ పాస్‌వర్డు ఏమో మేనేజరునకైనను తెలియదు, తెలియుటకు వీలును లేదు. అట్టిది "మీ పాస్‌వర్డు ఒకసారి సరిచూడాలండి, చెప్పండి" అని ఫోనులో అడుగువాడు బ్యాంకువాడు కాడు.

ఇక లాకులను వరుసగా దాటుదము.

మీట నొక్కగానే ల్యాప్‌టాపు వెంటనే విండోసులోనికి పోదు. లోపలి ప్రధానమైన పలకమీద ఒక చిన్న చిప్పులో కొంత బుద్ధి నిక్షిప్తమైయున్నది. దీనిని పూర్వము బయాసు అనెడివారు. ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ అందురు. మొట్టమొదట మేలుకొనునది ఇదియే. దీనికి రెండు పాస్‌వర్డులు పెట్టవచ్చును. ఒకటి, యంత్రము ముందునకు సాగుటకే అనుమతినిచ్చునది. రెండవది, యంత్రపు మూలపు అమరికలను మార్చువానిని మాత్రమే అడుగునది. దీనిని సూపర్‌వైజరు పాస్‌వర్డనియు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డనియు అందురు. నల్లని తెరమీద చిన్న చదరము కనబడి అడిగినయెడల అది ఈ మొదటి లాకని గుర్తింపుడు. హైదరాబాదు కచేరీలలో వాడి అమ్మివేసిన పాత ల్యాప్‌టాపులను చవుకగా కొనువారు ఒక జాగ్రత్త పడవలెను. కొనకముందే అంగడిలో దానిని ఆపి, మరల వెలిగించునపుడు ఎఫ్ 2 గాని ఎఫ్ 10 గాని, ఆ కంపెనీవారు నిర్ణయించిన మీట యేదైన దానిని గాని నొక్కించి, ఆ అమరికల పుట పాస్‌వర్డు అడుగకుండ తెరచుకొనునో లేదో చూడవలెను. వెనుకటి యజమాని పెట్టిన తాళము అట్లే ఉండిపోయిన యంత్రములు సంతకు వచ్చుచున్నవి. పాతకాలపు వాటిలో పలకమీది బిళ్లవంటి చిన్న బ్యాటరీని తీసి పెట్టిన ఈ పాస్‌వర్డు కొన్నిట మాసిపోయెడిది. ఇటీవలివాటిలో ఆ ఉపాయము సాధారణముగా సాగదు. కొన్ని కంపెనీలవారు కొన్న రసీదు చూపినయెడల తీసిపెట్టుదురు. కొందరు పలకనే మార్చవలెనందురు. కావున రసీదును పారవేయవలదు.

ఈ తాళము యంత్రమును కాచునేగాని లోపలి కాగితములను కాచునది కాదు. మరలు విప్పి లోపలి డిస్కును మరియొక యంత్రమునకు తగిలించిన అందలి సమస్తమును చదువవచ్చును. అది జరుగకుండ డిస్కునకే స్వంతముగ పాస్‌వర్డు పెట్టు ఏర్పాటు కొన్ని యంత్రములలో కలదు. అది డిస్కుతోగూడ ప్రయాణము చేయును. దానిని మరచినవాని డిస్కు రాయితో సమానము. మన యిండ్లలో దీని యవసరము అరుదు గనుక విడిచిపెట్టుదము.

తరువాతిది అందరు ఎరిగిన తాళము: విండోసు వాకిట పేరు, బొమ్మ చూపి అడుగునది. ఇందులో రెండు జాతులున్నవి. ఒకటి ఆ యంత్రమునకు మాత్రమే చెందిన స్థానిక ఖాతా. రెండవది మైక్రోసాఫ్ట్ కంపెనీవద్ద ఈమెయిలు చిరునామాతో తెరచిన ఖాతా. రెండవదాని పాస్‌వర్డు ఏ యూరిలో ఏ యంత్రముమీద కొట్టినను పనిచేయును. కావున పోయినయెడల వేరొక యంత్రమునుండి మార్చుకొనవచ్చును, దొంగకు చిక్కినయెడల దూరమునుండియే వాడు లోనికి రావచ్చును. మొదటిదానిని మరచినచో యంత్రము కొన్ని ప్రశ్నలు వేయును: మీరు పుట్టిన యూరేది, మొదట చదివిన బడి యేది, మీ పెదతండ్రి పినతండ్రి బిడ్డలలో పెద్దవాని పేరేమి, ఇత్యాదులు. ఈ ప్రశ్నలు వ్రాసినవారు పల్లెటూరు ఎరుగనివారై యుందురు. మన యూళ్లలో ఈ మూడును రచ్చబండమీద కూర్చున్న ప్రతివానికి తెలియును. ఆ ప్రశ్నలకు నిజమే చెప్పవలెనను నియమ మేదియు లేదు. మీకు మాత్రమే గుర్తుండు వేరొక సమాధానము నిచ్చుకొనవచ్చును. అది అసత్యదోషము కాదు.

ఇక్కడనే పిన్ అనునది వచ్చును. నాలుగంకెలు మొదలు ఎన్నియైనను ఉండవచ్చును. ఇంత పొట్టి అంకె పొడవైన పాస్‌వర్డుకంటె భద్రమెట్లగునని చాలమందికి సందేహము. 2015లో వచ్చిన విండోసు 10 నుండి ఇది హలో అను పేరుగల యేర్పాటులో భాగము. ఆ పిన్ ఆ యొక్క యంత్రమునకే కట్టుబడియుండును. ఇంటర్నెట్టుమీద ఎక్కడికిని పోదు. యంత్రములోని టీపీఎమ్ అను చిన్న కావలి చిప్పు దానిని కనిపెట్టియుండి, వరుసగా తప్పులు కొట్టిన వానిని ఆపివేయును. 2021లో వచ్చిన విండోసు 11నకు ఈ చిప్పు తప్పనిసరి. మీ పిన్‌ను ప్రక్కనుండి చూచినవాడు మీ ల్యాప్‌టాపును గూడ ఎత్తుకొనిపోయిననే గాని వానికి లాభము లేదు. మీ మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డును చూచినవానికో, వట్టిచేతులతో ఇంటికి పోయినను మీ ఉత్తరములన్నియు చిక్కును. వేలిముద్రయు పిన్‌వలెనే ఆ యంత్రములోనే ఉండును. అయితే చెరువుపని, వలపని చేసి అరిగిన వేళ్లు యంత్రమునకు ఒక్కొక్కప్పుడు అందవు గనుక, వేలిముద్ర పెట్టుకొన్నవారును పిన్ మరువరాదు.

ఈ వాకిటి తాళము చాలునా? పాతకాలపు ల్యాప్‌టాపులలో చాలదు. వీధితలుపునకు ఇత్తడి తాళముకప్ప వేసి, పెరటివైపు తాటాకు దడి కట్టిన యింటివంటిది అది. దొంగ ఒక పెన్‌డ్రైవునుండి వేరొక వ్యవస్థను మేలుకొల్పి, విండోసు వాకిలి త్రొక్కకయే డిస్కులోని కాగితములను చదువగలడు. ఆ దడికి బదులు రాతిగోడ కట్టునదే నేను చెప్పవలసిన ముఖ్యమైన తాళము.

దాని పేరు బిట్‌లాకరు. 2007లో విండోసు విస్టాతో వచ్చినది. ఇంటివాడుక విండోసులో డివైసు ఎన్‌క్రిప్షను అను పేర ఇదే కనబడును. ఆపిలు కంపెనీ యంత్రములలో ఫైలువాల్టు అని దీనికి సాటియైనది కలదు. ఇది డిస్కుమీది ప్రతి యక్షరమును ఒక రహస్యసూత్రమునుబట్టి తారుమారు చేసి వ్రాయును. పిండివంటిది కాదు, ముడివంటిది. విప్పవచ్చును, విప్పుచెవి ఉన్నవాడు మాత్రమే. ఆ చెవిని పైన చెప్పిన టీపీఎమ్ చిప్పు తనలో దాచుకొని, ప్రతిదినము యంత్రము మేలుకొనునపుడు అంతయు నిన్నటివలెనే ఉన్నదని చూచుకొని, మనకు తెలియకుండగనే ముడి విప్పుచుండును. ఏదైన మారెనా, అనగా పలక మార్చిరా, డిస్కును వేరొక యంత్రమున పెట్టిరా, మూలపు అమరికలు కదలెనా, చిప్పు నోరు మూసికొనును. అప్పుడు తెరమీద 48 అంకెలుగల రికవరీ కీ అను ఉద్ధరణసంఖ్యను ఇమ్మని యంత్రము అడుగును. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లోనికి ప్రవేశించిన క్రొత్త ల్యాప్‌టాపులు అనేకములలో ఈ తాళము ఎవరును వేయకుండగనే తనంతట పడును. యజమానికి తాళమున్నదనియే తెలియదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతయు కొల్లేటిలోనికి దిగినప్పటి సంగతి మీరెరుగుదురు. సరస్సునడుమనున్న ఒక గ్రామమున అయిదుగురు భాగస్వాములు కలిసి చెరువులు కౌలునకు చేయుచుండిరి. చేపపిల్ల కొన్న ఖర్చు, మేత బాకీలు, పట్టుబడి తూకములు, ఎవరి వాటా ఎంతయో ఏడేండ్ల లెక్క అంతయు అందొక భాగస్వామి ల్యాప్‌టాపులో నుండెను. వరదనీరు ఇంటిలోనికి రాగా అది తడిసెను. నీరు తీసిన తరువాత ఏలూరిలో ఒక మరమ్మతుదారు విప్పి చూచి, పలక చెడినది గాని డిస్కు చెక్కుచెదరలేదని చెప్పగా వారు సంతోషించిరి. పలక మార్చి వెలిగించిరి. తెర 48 అంకెలు అడిగెను. ఆ సాయంకాలము ఆయన నాకు ఫోను చేసెను: "మాస్టారండీ, ఇదేదో నలభై ఎనిమిది అంకెలు చెప్పమంటోందండి. మాకెవరూ ఏ అంకెలూ ఇవ్వలేదండి."

ఆ అంకెలు ఎక్కడనో ఉండవలెను. తనంతట పడిన తాళమైనయెడల అవి ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో యంత్రమును మొదట తెరచిరో ఆ ఖాతాలో భద్రముగ నుండును. ఏ ఖాతా? కొన్ననాడు అంగడిలోని కుర్రవాడు తొందరలో ఏదో చిరునామా కల్పించి, ధ్రువీకరణకు తన ఫోను నంబరే ఇచ్చి, ఖాతా తెరచి, పాస్‌వర్డు అట్టపెట్టె మూతమీద వ్రాసి ఇచ్చెనట. ఆ తరువాత పిన్‌తోనే పని జరుగుచుండుటచే ఖాతాతో ఎవరికిని పనిబడలేదు. అట్టపెట్టె వరదలో కరగిపోయినది. కుర్రవాడు ఆ కొలువు మానినాడు. ఆ నంబరు ఇప్పుడు వేరొకరిది. పది దినములు ప్రయత్నించితిమి. మైక్రోసాఫ్ట్ వారుకూడ ఖాతాలో లేని ఉద్ధరణసంఖ్యను మరల పుట్టించి ఇయ్యలేరు; అది వారి నిర్దయ కాదు, ఆ గణితము అట్టిది. మేత అంగళ్ల చిట్టాలనుండియు, చేపల కమీషను వ్యాపారుల చీటీలనుండియు వాటాల లెక్క ఒక విధముగ కూర్చుకొనుటకు వారికి నాలుగు నెలలు పట్టెను. ఆ నాలుగు నెలలలో అయిదుగురి మధ్య మాటలును పెరిగినవి. ఆ యిల్లాలి తల్లి చివరియేటి ఛాయాచిత్రములు ఆ డిస్కుమీదనే ఉండెను. వానికి చిట్టా లెక్కడివి? డిస్కును తుడిచి క్రొత్తగా వాడుకొనుచున్నారు.

తాళము చెడ్డదని దీని యర్థము కాదు. అదే యంత్రమును దొంగ ఎత్తుకొనిపోయినచో వాడును ఆ తెరముందర ఇట్లే కూర్చుండెడివాడు. కావలసినదేమనగా, క్రొత్త ల్యాప్‌టాపు కొన్ననాడే ఖాతాను మీ పేర, మీ ఫోను నంబరుతో, మీ యెదుట తెరపించుకొనవలెను. అంగడివాని సాయము తీసికొనుడు; వాని నంబరు తీసికొనవలదు. ఇదివరకే కొన్నవారు ఈ వారమే ఎవరైన చదువుకొన్న పిల్లవానిచేత సెట్టింగులలో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అను భాగమున డివైసు ఎన్‌క్రిప్షను అనునది తెరచియున్నదో లేదో చూపించుకొనుడు. తెరచియున్నచో, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోని పరికరముల పుటలో ఆ 48 అంకెలు కనబడును.

ఇక వాకిలి దాటి లోనికి పోయిన తరువాత ఈమెయిలు, బ్యాంకు, ప్రభుత్వ కార్యములు మొదలగువాటి పాస్‌వర్డులు. ఇవి ల్యాప్‌టాపువి కావు. దూరమున నున్న కచేరీలవి. ల్యాప్‌టాపు చెడినను అవి చెడవు. వీనిలో అన్నిటికంటె గట్టిది ఈమెయిలుకు ఉండవలెను. తక్కినవాటిలో ఏది మరచినను క్రొత్తది పెట్టుకొను ఉత్తరము ఈమెయిలునకే వచ్చును గదా. ఈమెయిలు దొంగిలినవాడు తక్కిన తాళములన్నియు తానే మార్పించుకొనగలడు. అందుచేత ఈమెయిలునకు పెట్టినది మరి దేనికిని పెట్టరాదు. వైఫై పాస్‌వర్డును గూడ కొందరు ల్యాప్‌టాపుదే యనుకొందురు. అది గోడకు తగిలించిన రూటరు పెట్టెది. దానిని మార్చనియెడల తరచు ఆ పెట్టె అడుగున అంటించిన కాగితముమీదనే యుండును.

పాస్‌వర్డు ఎట్టిది పెట్టవలెనను దానికి కొంచెము గణితము చాలును. నాలుగంకెల పిన్ 10,000 విధములు, ఆరంకెలది 10 లక్షల విధములు. ఇంగ్లీషు చిన్న అక్షరములు ఎనిమిది కూర్చిన సుమారు 20,882 కోట్ల విధములు. పండ్రెండు కూర్చిన సుమారు 954 కోటి కోట్ల విధములు. పిన్‌కు చిప్పు కావలి యున్నది గనుక కొద్ది అంకెలు చాలును. దూరపు కచేరీలలోని పిండి దొంగలపాలైనచో అట్టి కావలి లేదు. దొంగ తన యింట కూర్చుండి, ఊహించిన ప్రతి మాటను విసరి చూచుకొనుచునే యుండును. కాబట్టి అచట పొడవే బలము. అమెరికా ప్రమాణముల సంస్థవారు 2017లో, వింత గుర్తులు చొప్పింపుమని నిర్బంధించుటకంటెను, నెలనెల మార్పుమనుటకంటెను పొడవైన పాస్‌వర్డే మేలని మార్గదర్శకములు ప్రకటించిరి. సంబంధము లేని నాలుగు మాటలు కూర్చుకొనుడు: గొడుగు, ఉప్పుటేరు, చింతపండు, పాతసైకిలు, ఇట్టివి. వీనినే పెట్టుకొనవలదు, ఇప్పుడు నలుగురును వినిరి. ఊరిపేరు, మనుమని పేరు, పుట్టిన సంవత్సరము దొంగలు మొట్టమొదట ప్రయత్నించునవి. ఇంగ్లీషు లిపిలో కొట్టునపుడు పెద్దబడి, చిన్నబడి అక్షరములు వేరని మరువకుడు. మరచితిమని నా యొద్దకు వచ్చినవారిలో కొందరు మరచినదేమియు లేదు; క్యాప్సు లాకు అను మీట నొక్కబడియుండుటయే కారణము.

ఇతరుని పాస్‌వర్డును మోసబుద్ధితో వాడినవానికి మన సమాచార సాంకేతిక చట్టము 66సీ విభాగముక్రింద మూడేండ్లవరకు శిక్షయు లక్ష రూపాయలవరకు జుర్మానాయు కలవు. సొమ్ము పోయిన క్షణముననే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఆలసించినకొలది సొమ్ము చేతులు మారిపోవును.

పోయిన తరువాత మన కాగితములు మన పిల్లలకు చిక్కుటెట్లను ప్రశ్నను గూర్చి పెద్దలు మొగమాటపడి అడుగరు, నేనే చెప్పెదను. గూగులువారు 2013నుండి, ఆపిలువారు 2021నుండి, మన తదనంతరము ఖాతాలోని వస్తువులు ఎవరికి చేరవలెనో మనమే ముందు వ్రాసిపెట్టు ఏర్పాటు చేసియున్నారు. ఆ పేరును వ్రాయించుట పదినిమిషముల పని.

తక్కినది ఒక కాగితము. దానిమీద మీ మైక్రోసాఫ్ట్ ఖాతా చిరునామా, దానికిచ్చిన ఫోను నంబరు, మొదటి లాకు పాస్‌వర్డున్నచో అది, ఆపైన 48 అంకెలు వ్రాయుడు. బ్యాంకు పాస్‌వర్డు, యు.పి.ఐ. పిన్ దానిపై వ్రాయరాదు. ఉద్ధరణసంఖ్యతోపాటు కీ ఐడీ యని ఒక గుర్తుండును. దాని మొదటి ఎనిమిది అక్షరములను గూడ ఎక్కింపుడు. రెండు యంత్రములున్న యింట ఏ సంఖ్య దేనిదో అదియే చెప్పును. ఈ కాగితమును ల్యాప్‌టాపు సంచిలో పెట్టరాదు. పొలము దస్తావేజులతోగూడ బీరువాలో పెట్టి, రెండవ ప్రతిని మెట్టప్రాంతమున నున్న కూతురింటనో, తమ్మునింటనో ఉంచుడు. కొల్లేటి యూళ్లవారికి ఈ రెండవ ప్రతి ముఖ్యము.

వ్రాయునపుడు ఒక అంకె తప్పుపోయిన ఎట్లని భయపడవలదు. ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా నుండును. ప్రతి గుంపును 11చేత నిశ్శేషముగ భాగింపబడునట్లు కూర్చబడినది. మనము చిన్ననాడు బడిలో నేర్చిన సూత్రమే చాలును. ఒక గుంపు 418275 అనుకొనుడు. ఒకటి, మూడు, అయిదవ స్థానముల అంకెలు 4, 8, 7 కలిపిన 19, రెండు, నాలుగు, ఆరవ స్థానములవి 1, 2, 5 కలిపిన 8, భేదము 11. భేదము సున్న గాని పదకొండు గాని ఇరువదిరెండు గాని అయినయెడల గుంపు సరియైనది. ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్క అంకెలు రెండు తారుమారైనను ఈ లెక్క తప్పక పట్టియిచ్చును. ఎనిమిది గుంపులకు ఎనిమిది కూడికలు, ఎనిమిది తీసివేతలు. కాగితమును బీరువాలో పెట్టకముందే మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయింపుడు.